ఫ్రాస్ట్ లైన్ ఉండేది నేల కిందా, సూర్యుడికి దూరంగానా?

ప్రశ్న: బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిజిక్స్‌లో ఫ్రాస్ట్ అంటే గాలిలోని నీటి ఆవిరి ద్రవంగా మారకుండా నేరుగా మంచు స్ఫటికాలు కావడం అని చదివాను. ఖగోళశాస్త్రం పాఠంలో ఫ్రాస్ట్ లైన్ సూర్యుడికి కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుందని ఉంది. ఆ మాట మా అన్నయ్యతో అంటే, సివిల్ ఇంజినీరింగ్ చదివిన తను అది నేల కింద ఉంటుందని వాదించాడు. ఇద్దరిలో ఎవరం తగ్గలేదు. తర్వాత వెతికితే చర్మ వైద్యంలో ఫ్రాస్టింగ్, ఫ్రాస్టెడ్ గ్లాస్, కెమిస్ట్రీలో ఫ్రాస్ట్ డయాగ్రమ్, ఇంకా ఏవేవో వచ్చాయి. చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. వీటిలో అసలైన అర్థం ఏది? పరీక్షలో ఏది రాయాలి?

జవాబు: మీరు చెప్పిందీ నిజమే, మీ అన్నయ్య చెప్పిందీ నిజమే. ప్లాస్టిక్ కవర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి గనక ఆ వాదన మధ్యలోకి వచ్చి ఉంటే ఫ్రాస్ట్ లైన్ మా మెషీన్ మీద ఉంటుంది అనేవారు, అదీ నిజమే. అసలైన అర్థం ఒక్కటి ఉంటుంది, మిగతావి దాని తప్పుడు వాడకాలు అనే ఆలోచన మాత్రం పక్కన పెట్టేయండి, మీకు టెన్షన్ వస్తున్నది అక్కడే. ఆ మాట ఎక్కడ కనబడినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ఇక్కడ ఏది దేనిగా మారింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఏ శాస్త్రంలో ఉన్నామో, ఆ అర్థం ఏమిటో రెండూ తేలిపోతాయి. కొన్ని చోట్ల జవాబు ‘ఏదీ గడ్డకట్టలేదు, తెల్లగా కనబడుతోంది అంతే’ అని కూడా వస్తుంది.

మీ ఫిజిక్స్ పాఠంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మిగతావాటిలో చాలా వరకు దీన్ని చూసి పెట్టుకున్న పేర్లే. మబ్బులు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే అందులో కొంత తిరిగి కిందికి వస్తుంది, లేకపోతే పోయింది పోయినట్టే. అలాంటి రాత్రి గడ్డి, ఆకులు, కారు అద్దం తమను తాకుతున్న గాలి కంటే ఎక్కువ చల్లబడతాయి. ఉపరితలం సున్నా డిగ్రీల కిందికి దిగి, దాంతోపాటు ఫ్రాస్ట్ పాయింట్, అంటే ఆవిరి మంచుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాని కిందికి కూడా దిగితే, గాలిలోని ఆవిరి నేరుగా స్ఫటికాలై దానికి అతుక్కుంటుంది. వాతావరణ కేంద్రంలో థర్మామీటర్ నేల మీద ఉండదు, సుమారు మీటరున్నర ఎత్తున నీడ పెట్టెలో ఉంటుంది. అందుకే వాళ్లు 3 డిగ్రీలు అని ప్రకటించిన తెల్లవారుజామున కూడా గడ్డి తెల్లబడి ఉండొచ్చు. కొన్ని దేశాల్లో అయితే ఆ పెట్టెలోని ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగితే చాలు, ఎక్కడా ఒక్క స్ఫటికం లేకపోయినా ‘ఎయిర్ ఫ్రాస్ట్’ అని రాసుకుంటారు. అంటే వాతావరణ శాస్త్రం ఒక్కదాంట్లోనే రెండు అర్థాలున్నాయి, ఒకటి కంటికి కనబడే పొర, రెండోది థర్మామీటర్ మీద ఒక అంకె.

అవకాశం దొరికితే ఆ పొరను భూతద్దంతో చూడండి. ఆకు మధ్యలో కంటే అంచుల్లో, ఆకు మీది నూగు కొనల్లో స్ఫటికాలు పెద్దవిగా ఉంటాయి. పొడుచుకొచ్చిన భాగాలు త్వరగా వేడిని కోల్పోతాయి, తేమ ఉన్న గాలి కూడా వాటికే ముందు తగులుతుంది. సన్నటి సూదులు, పలకలు, మెట్లు మెట్లుగా పెరిగిన ఆకారాలు కనబడతాయి. అదే ఆకు మీద నీటి బొట్లు ముందు ద్రవంగా పడి ఆ తర్వాత గడ్డకట్టి ఉంటే గుండ్రంగా, అవతలి ఆకు కనబడేంత స్వచ్ఛంగా ఉంటాయి. దాన్ని గడ్డకట్టిన డ్యూ అంటారు, ఫ్రాస్ట్ అనరు. పొగమంచులోని అతిశీతల బిందువులు, అంటే సున్నా కింద కూడా ద్రవంగానే ఉన్నవి, గాలికి కొట్టుకొచ్చి కొమ్మకు తగిలీ తగలగానే గడ్డకడితే అది రైమ్, గాలి వచ్చే వైపుకే పెరుగుతుంది. మూడూ దూరం నుంచి తెల్లగానే ఉంటాయి కానీ మొదటిదాంట్లో మాత్రమే ఆవిరి నేరుగా ఘనమయింది.

పరీక్ష సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఫిజిక్స్ పేపర్లో ఈ అర్థమే రాయండి. గాలి ఉష్ణోగ్రత అని కాకుండా ఉపరితల ఉష్ణోగ్రత అని రాయండి, సబ్లిమేషన్‌కు, అంటే ఘనం నేరుగా ఆవిరి కావడానికి, వ్యతిరేక దిశలో జరిగే మార్పు అని రాయండి, గడ్డకట్టిన డ్యూతో తేడా ఒక వాక్యంలో చూపించండి. ఫ్రాస్ట్ పాయింట్, డ్యూ పాయింట్ (ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. మైనస్ 10 డిగ్రీల దగ్గర అతిశీతల నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం సుమారు 2.86 హెక్టోపాస్కల్స్, మంచు మీద సుమారు 2.60. మంచు తక్కువ ఆవిరికే సంతృప్తమవుతుంది కాబట్టి సున్నా కింద ఫ్రాస్ట్ పాయింట్ ఎప్పుడూ డ్యూ పాయింట్ కంటే కొంచెం పైనే ఉంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ఫ్రీజర్ గోడ మీద పొర ఎందుకు పెరుగుతుందో కూడా అర్థమవుతుంది, తలుపు తీసినప్పుడల్లా లోపలికి వచ్చే తేమ ఆ చల్లటి లోహం మీదికే చేరుతుంది. ఆ పొరలో చాలా భాగం గాలే కావడంతో అది వేడిని సరిగా పోనివ్వదు, అందుకే ఫ్రిజ్ ఇంజినీర్లు దాన్ని తీసేయాల్సిన సమస్యగానే చూస్తారు. విమానాలవాళ్లకు అంతకంటే పెద్ద భయం ఉంది. రెక్క మీద గరుకు కాగితం అంత మందాన, అంత గరుకుగా పేరుకున్న ఫ్రాస్ట్ కూడా పైకి లేపే బలాన్ని 30 శాతం దాకా తగ్గించి, గాలి ఈడ్చే బలాన్ని 40 శాతం దాకా పెంచగలదని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ హెచ్చరిస్తుంది.

పొలంలో లెక్క పూర్తిగా మారిపోతుంది. వ్యవసాయ శాస్త్రంలో ఫ్రాస్ట్ అంటే పంటకు జరిగిన నష్టం, తెల్లటి పొర కనబడాల్సిన పనే లేదు. గాలి బాగా పొడిగా ఉంటే ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగినా ఆకు మీద స్ఫటికాలు ఏర్పడవు, కానీ ఆకు లోపలి నీరు గడ్డకట్టి తెల్లారేసరికి మొక్క నల్లబడుతుంది. దాన్ని బ్లాక్ ఫ్రాస్ట్ అంటారు. మీ ఫిజిక్స్ నిర్వచనం ప్రకారం అక్కడ ఫ్రాస్టే లేదు, రైతుకు మాత్రం పంట పోయింది. మొక్క లోపల మంచు సాధారణంగా ముందు కణాల బయట, వాటి మధ్య ఖాళీల్లో పుడుతుంది. ఆ మంచు కణంలోని నీటిని బయటికి లాగేసుకుంటుంది, కణం ఎండిపోయి దాని పొర దెబ్బతింటుంది. అంటే చలికి చచ్చిపోయిన ఆకు నిజానికి దాహంతో చచ్చిపోయిందన్నమాట.

ఇంకో సంగతి, స్వచ్ఛమైన చిన్న నీటి బిందువు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలని లేదు. పట్టుకోవడానికి ఏ దుమ్ము కణమూ దొరక్కపోతే సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియాకు పై పొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది, అది నీటి అణువులను మంచు వరసలో నిలబెట్టి మైనస్ 2 డిగ్రీల దగ్గరే గడ్డకట్టిస్తుంది. ఆ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును తీసేసిన బ్యాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెరీ, బంగాళాదుంప మొక్కల మీద చల్లి చూశారు. జన్యుమార్పిడి చేసిన జీవిని అనుమతితో ఆరుబయట వదిలిన తొలి ప్రయోగాలు అవే. ఫ్రాస్ట్ గురించి మొదలైన పరిశోధన బయోటెక్నాలజీ చట్టాల మీద వాదోపవాదాల దాకా వెళ్లింది, నాకు ఈ అంశంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

చలి రాత్రుల్లో తోటల మీద నీళ్లు చల్లడం చూస్తే మొదట వింతగా ఉంటుంది. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 334 జౌళ్ల వేడి వదులుతుంది, ఆ వేడే మొగ్గను సున్నా దగ్గర నిలబెడుతుంది. కానీ గాలి పొడిగా ఉండి నీరు ఆవిరైపోతే గ్రాముకు సుమారు 2,500 జౌళ్లు మొక్క నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము ఆవిరైతే పోయే వేడిని పూడ్చాలంటే ఏడు గ్రాములకు పైగా నీరు గడ్డకట్టాలి. అందుకే ఒకసారి మొదలుపెట్టాక మంచు కరిగే దాకా చల్లుతూనే ఉండాలంటారు, మధ్యలో ఆపితే అసలు చల్లకపోవడం కంటే ఎక్కువ నష్టం జరగొచ్చు.

ఇప్పుడు మీ ఇద్దరి వాదన. మీ అన్నయ్య చెప్పిన ఫ్రాస్ట్ లైన్ అంటే శీతాకాలంలో నేల ఎంత లోతు వరకు గడ్డకడుతుందో ఆ హద్దు. చలి దేశాల్లో పునాది దాని కిందికి దిగాలి, లేకపోతే నేల పొంగి భవనాన్ని ఎత్తేస్తుంది, అదీ అన్ని మూలలా సమానంగా ఎత్తదు కాబట్టి గోడలు బీటలు వారతాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది కాబట్టి నేల పొంగుతుందని చాలామంది అనుకుంటారు. అది పూర్తి కారణం కాదు. 1930 ప్రాంతంలో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ నీటికి బదులు బెంజీన్‌తో మట్టిని తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే పెరగదు, తగ్గుతుంది. అయినా మట్టి పొంగింది! అసలు జరిగేదేమిటంటే, గడ్డకట్టే చోటికి కింది నుంచి ద్రవం సన్నటి దారుల గుండా పైకి వస్తూనే ఉంటుంది, వచ్చినది వచ్చినట్టు పొరగా గడ్డకడుతుంది, ఆ పొరలు మందమవుతూ పై మట్టిని లేపుతాయి. ఇసుకలో రంధ్రాలు పెద్దవి, నీటిని లాగే బలం చాలదు. బంకమట్టిలో బలం ఉన్నా నీరు మరీ నెమ్మదిగా కదులుతుంది. రెండింటికీ మధ్యలో ఉండే సిల్ట్, అంటే మెత్తటి ఒండ్రు, అన్నిటికంటే ఎక్కువగా పొంగుతుంది. మీ అన్నయ్యకు బెంజీన్ ప్రయోగం తెలియకపోతే చెప్పండి, తప్పకుండా నచ్చుతుంది. పర్మాఫ్రాస్ట్ మాత్రం వేరే సంగతి, వరుసగా రెండేళ్లకు తగ్గకుండా సున్నా డిగ్రీల దగ్గర గానీ అంతకంటే కింద గానీ ఉన్న నేలంతా ఆ లెక్కలోకి వస్తుంది, అందులో చుక్క నీరు లేని రాయి ఉన్నా సరే.

మీరు చదివిన ఫ్రాస్ట్ లైన్ సౌరకుటుంబం పుట్టిన కాలానిది. సూర్యుడి చుట్టూ వాయువు, ధూళి తిరుగుతున్నప్పుడు ఒక దూరం దాటాక చలి ఎంత పెరిగిందంటే నీటి ఆవిరి అక్కడ మంచు రేణువులుగా మారగలిగింది. ఆ దూరాన్ని సుమారు 2.7 ఖగోళ ప్రమాణాలుగా, అంటే దాదాపు 40 కోట్ల కిలోమీటర్లుగా లెక్కగడతారు, ఇప్పటి గ్రహశకలాల పట్టీలో పడుతుంది. అక్కడి ఉష్ణోగ్రత 150 నుంచి 170 కెల్విన్ మధ్య, అంటే సుమారు మైనస్ 123 నుంచి మైనస్ 103 డిగ్రీల సెల్సియస్ అని అంచనా. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఎందుకు గడ్డకట్టలేదని మీకు అనుమానం రావాలి. అక్కడ పీడనం అత్యల్పం, ద్రవానికి చోటే లేదు, ఆవిరి నేరుగా ఘనం కావడానికి అంత చలి కావాల్సి వచ్చింది. ఆ గీత అవతల ఘనపదార్థం ఎక్కువ దొరకడం వల్లే గురుడి లాంటి పెద్ద గ్రహాలు అక్కడ పెరిగాయని ప్రధానమైన వివరణ. ఏది దేనిగా మారింది అని అడిగితే గడ్డి మీది ఫ్రాస్ట్‌కు దగ్గరి చుట్టం ఇదే, రెండుచోట్లా ఆవిరి నేరుగా మంచయింది. మీ అన్నయ్య గీత దగ్గర ద్రవం మంచయింది.

మూడో గీత ప్లాస్టిక్ ఫిల్మ్ ఫ్యాక్టరీలో ఉంది. కరిగిన పాలిథిన్‌ను గుండ్రటి సందు గుండా పైకి లాగుతూ లోపల గాలి నింపి పొడుగాటి బుడగలా ఊదుతారు. కింద అది స్వచ్ఛంగా ఉంటుంది, కొంత ఎత్తుకు వెళ్లాక చల్లారి గట్టిపడి కాస్త మసకబారుతుంది. ఆ మార్పు కనబడే చోటు ఫ్రాస్ట్ లైన్. అక్కడ వేడి చెయ్యి కాలేంత ఉంటుంది, నీరూ లేదు, మంచూ లేదు. పాలిమర్ గొలుసుల్లో కొంత భాగం స్ఫటికాలుగా సర్దుకుని కాంతిని చెదరగొడుతుంది కాబట్టి ఆ మసక. ఆ గీత ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఫిల్మ్ బలం, మెరుపు మారతాయి కాబట్టి ఆపరేటర్ కన్ను దాని మీదే ఉంటుంది.

ఇతర గ్రహాల మీద ఫ్రాస్ట్ అంటే నీరే కానక్కర్లేదు. 1979లో నాసా పంపిన వైకింగ్ 2 ల్యాండర్ అంగారకుడి మీద యుటోపియా మైదానంలో రాళ్ల మధ్య పలుచటి నీటి ఫ్రాస్ట్‌ను ఫొటో తీసింది. కానీ అక్కడి ధ్రువాల దగ్గర చలికాలంలో మైనస్ 125 డిగ్రీల ప్రాంతంలో కార్బన్ డయాక్సైడే గడ్డకట్టి నేలకు దిగుతుంది, ఆ గ్రహ వాతావరణంలో దాదాపు పావు వంతు అలా పోయి వసంతంలో తిరిగొస్తుంది. గురుడి చంద్రుడు అయో మీద సల్ఫర్ డయాక్సైడ్ ఫ్రాస్ట్, ప్లూటో మీద నైట్రోజన్.

ఇక ఏదీ గడ్డకట్టని ఫ్రాస్ట్‌లు. మంచు గడ్డ పారదర్శకం, కానీ లక్షల చిన్న ముఖాలున్న స్ఫటికాలు ఒకచోట చేరితే ప్రతి ముఖం దగ్గరా కాంతి వంగి, తిరిగి, చెదిరి తెల్లగా కనబడుతుంది. అద్దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గానీ ఇసుక చిమ్మి గానీ గరుకుగా చేసినా ఇదే జరుగుతుంది, అదే ఫ్రాస్టెడ్ గ్లాస్. దీన్ని మీరే చూడొచ్చు: గరుకు వైపున పారదర్శకమైన టేప్ ముక్క గట్టిగా అంటించండి, అక్కడ మాత్రం అద్దం అవతలి వస్తువులు స్పష్టంగా కనబడతాయి. టేప్ జిగురు గుంతల్లోకి దిగి నిండుతుంది, దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందనే కొలత, గాజుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కాంతి చెదరడం ఆగిపోతుంది. 1925 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో మార్విన్ పిప్కిన్ బల్బు లోపలి వైపున ఇలా గరుకు చేసి కూడా గాజు పెళుసుబారకుండా చేసే పద్ధతి కనుక్కోవడంతో కళ్లు చెదరగొట్టని బల్బులు వచ్చాయి. కేక్ మీది ఫ్రాస్టింగ్ తెలుపులోనూ చాలా భాగం సన్నటి చక్కెర స్ఫటికాలు, కొవ్వు, గాలి బుడగలు కాంతిని చెదరగొట్టడం వల్లే.

చర్మ వైద్యంలో ఫ్రాస్టింగ్‌కు చలితో ఏ సంబంధమూ లేదు. చర్మం పై పొరను తొలగించే చికిత్సలో ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం రాసినప్పుడు చర్మంలోని ప్రొటీన్లు విరిగి ముద్దకట్టి తెల్లబడతాయి. ఎర్రటి చర్మం మీద అక్కడక్కడ పలుచటి తెలుపు, కింది ఎరుపు కనబడుతూ అంతటా తెలుపు, ఎరుపు అసలు కనబడని దట్టమైన తెలుపు, ఇలా ఆ తెలుపును బట్టి ఆమ్లం ఎంత లోతుకు దిగిందో డాక్టరు అంచనా వేస్తారు. అది తుడిస్తే పోదు. సాలిసిలిక్ ఆమ్లం రాస్తే వచ్చే తెలుపు మాత్రం దాన్ని కరిగించిన ద్రవం ఆరిపోయి మిగిలిన స్ఫటికాల పొర, తుడిస్తే పోతుంది, దాన్ని సూడో ఫ్రాస్ట్ అంటారు. వీడియోలు చూసి ఇంట్లో ఈ ఆమ్లాలతో ప్రయోగాలు చేయొద్దు, ఆ తెలుపును చదవడం తెలియనివాళ్ల చేతిలో అది మచ్చ మిగిల్చే కాలిన గాయమవుతుంది. యురేమిక్ ఫ్రాస్ట్ ఇంకొకటి. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవారి చెమటలో యూరియా ఎక్కువై, చెమట ఆరాక చర్మం మీద తెల్లటి పొడిగా మిగులుతుంది. డయాలిసిస్ వచ్చాక అరుదైపోయింది.

మీ లిస్టులోని ఫ్రాస్ట్ డయాగ్రమ్ మనిషి పేరు. ఆర్థర్ ఫ్రాస్ట్ అనే రసాయన శాస్త్రవేత్త 1951లో ఇచ్చిన గ్రాఫ్ అది, ఒక మూలకం ఏ ఆక్సిడేషన్ స్థితిలో ఎంత స్థిరమో చూపిస్తుంది. ఎంత కిందికి ఉంటే అంత స్థిరం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఫ్రాస్ట్ సర్కిల్, అంటే వలయాకార అణువుల్లో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలను చూపే బొమ్మ, కూడా ఆయనదే, బోరిస్ మ్యుసులిన్ అనే మరో రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1953లో ఇచ్చారు.

ఒక్క చోట మాత్రం అర్థం తెలియడం మార్కుల కంటే పెద్ద విషయం, అందుకే చివరికి ఉంచాను. ఫ్రాస్ట్‌బైట్‌లో చర్మం మీద మంచు పొర ఉండదు, కణజాలమే గడ్డకడుతుంది. ఆ భాగం తెల్లగా గానీ బూడిదరంగులో గానీ మైనంలా గట్టిపడుతుంది, స్పర్శ పోతుంది. గడ్డకట్టకుండా చలికి వాచి దురద పెట్టే చిల్‌బ్లెయిన్స్ వేరు. ఎప్పుడైనా చలి ప్రదేశానికి వెళితే గుర్తుంచుకోండి, ఆ భాగాన్ని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, స్పర్శ లేక కాలుతున్నా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీటిలో ఉంచాలి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్న చోట మాత్రం కరిగించడం మొదలుపెట్టకూడదు, ఒకసారి కరిగి రెండోసారి గడ్డకడితే నష్టం మరింత ఎక్కువ. ఎంత త్వరగా ఆస్పత్రికి చేరితే అంత మంచిది, ఎందుకంటే నష్టంలో పెద్ద భాగం వేడెక్కిన తర్వాత చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టడం వల్ల జరుగుతుంది. ఆ దశలో రక్తనాళాలను వెడల్పు చేసే ఇలోప్రోస్ట్ అనే మందును, వేళ్లు తీసేయాల్సిన ముప్పును తగ్గించడానికి, 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతించారు. తీవ్రమైన ఫ్రాస్ట్‌బైట్‌కు అక్కడ అనుమతి పొందిన మొదటి మందు అదే.